నమ్మిక కూడ కర్మమే

మానవుడు తన కర్మములను లెక్కించుకొనునపుడు చేతితో చేసినవానిని, నోటితో పలికినవానిని మాత్రమే సాధారణముగా లెక్కకు తెచ్చుకొనును. ఇచ్చినది, పుచ్చుకొన్నది, సత్యమాడినది, బొంకినది, ఇవన్నియు అతని పద్దులోనికి వచ్చును. ఒకనిని నమ్ముట యనునది మాత్రము ఆ పద్దులో చేరదు. వాన కురిసినట్లు, జ్వరము తగిలినట్లు, నమ్మిక తనంతట తానే కలిగినదని అతడు తలచును. "ఏమి చేయుదును? నమ్మితిని" అని నిట్టూర్చుటలోనే, నమ్ముట తన పని కాదను భావము దాగియున్నది.

విచారించి చూచినచో నమ్మికయు నొక కర్మమే. దానికి కర్త కలడు, ప్రేరణ కలదు, ఫలము కలదు. కర్మమైనందున దానిని తొందరపడి చేయవచ్చును, ఆలోచించియు చేయవచ్చును. ఈ సంగతి పూర్వులకు తెలియనిది కాదు. అయినను నేడు దానిని మరల విచారింపవలసిన అగత్యము కలిగినది. పూర్వము క్రొత్తవాడు గడపకు వచ్చినచో అతని వెంట ఊరి పేరు, ఇంటి పేరు, తెలిసినవారి పేరు వచ్చెడివి. నేడు సెల్‌ఫోనులో పలుకరించు క్రొత్తవాని వెంట ఏదియు రాదు. అతడు చూపు ముఖము అతనిదో కాదో, చెప్పిన పేరు తల్లిదండ్రులు పెట్టినదో ఆ పూట కల్పించుకొన్నదో తెలియదు. అట్టివానితో స్నేహము చేయునపుడు మన స్వేచ్ఛ యెంత? మోసము జరిగినచో బాధ్యత యెవరిది? ఈ రెండు ప్రశ్నలను శాస్త్రముల వెలుగులో పరిశీలింతము.

ఒక ఉదాహరణము

ఛత్తీస్‌గఢ్ రాజధానియగు రాయపూర్ నగరములో, బిలాస్‌పూర్ పోవు బాటపై, భన్‌పురి యను పారిశ్రామిక వాడ కలదు. విజయనగరమునుండి రాయపూర్ వరకు వేసిన రైలుమార్గము 1931లో పూర్తియైనది. ఉత్తరాంధ్రమునుండి పనికై బయలుదేరినవారికి నాటినుండియు ఆ దారి పరిచితమే. అట్టివారిలో ఒక యువకుని మన విచారణ కొరకు ఊహించుకొందము. అతడు భన్‌పురిలో ఒక కర్మాగారమున పనిచేయుచు, మరి ముగ్గురితో కలసి అద్దెగదిలో నివసించుచున్నాడు. తల్లియు, పెండ్లి కావలసిన చెల్లెలును ఊరిలో నున్నారు. నెలనెలయు పంపగా మిగిలిన సొమ్మును చెల్లెలి పెండ్లికై కూడబెట్టుచున్నాడు.

ఒకనాటి రాత్రి పనినుండి వచ్చి కూర్చుండగా అతని ఫోనులో ఒక పలుకరింపు కనబడినది. పంపినవాడు తెలుగువాడు. తనది పార్వతీపురము ప్రాంతమనియు, విదేశములో ఉద్యోగమనియు చెప్పుకొన్నాడు. నలువది దినములు అతడేమియు అడుగలేదు. "అన్నము తింటివా తమ్ముడూ? అమ్మకు ఒంట్లో ఎట్లున్నది?" అని మాత్రము ప్రతి రాత్రియు అడిగెడివాడు. యంత్రముల హోరులో పగలంతయు గడపిన యువకునికి ఆ పలుకు చల్లని నీరు వలె నుండెను. తరువాత ఒకనాడు ఆ స్నేహితుడు తనకు లాభము తెచ్చిన ఒక వ్యాపారమును గూర్చి చెప్పెను. యువకుడు కొద్ది సొమ్ము పెట్టగా, అది పెరిగి చేతికి వచ్చెను. మరల పెద్ద మొత్తము పెట్టెను. దానిని తిరిగి తీసికొనవలెనన్నచో ముందు పన్ను కట్టవలెనని ఆ స్నేహితుడు చెప్పగా, అప్పు చేసి కట్టెను. మరునాటినుండి ఆ స్నేహితుడు లేడు. అసలు ఎన్నడును లేడు.

ఈ వార్త విన్నవారు తలకొక తీర్పు చెప్పుదురు. "అత్యాశకు పోయినాడు" అని ప్రక్కగదివారందురు. "తలవ్రాత, నాయనా" అని తల్లి యనును. "తప్పంతయు ఆ దుర్మార్గునిదే, వీని తప్పేమున్నది?" అని ఒక మిత్రుడనును. యువకుడు మాత్రము నోరు మెదపక, రాత్రులు నిద్రలేక, "నేనే పాపిని, బ్రతికి ఏమి ప్రయోజనము?" అని తనలో తాను కుములును. ఈ నాలుగు మాటలలోను సత్యాంశము కొంత కలదు, పూర్ణసత్యము మాత్రము ఏ ఒక్కదానిలోను లేదు. దేనిలో ఎంత సత్యమున్నదో తెలిసికొననిచో ఆ యువకుడు మరల లేవలేడు.

కర్త యెవరు?

భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయములో ఏ కర్మమునకైనను ఐదు హేతువులు చెప్పబడినవి. అవి అధిష్ఠానమగు దేహము, కర్త, ఇంద్రియాది కరణములు, వివిధములగు చేష్టలు, ఐదవది దైవము. ఈ ఐదింటిని మన ఉదాహరణమునకు అన్వయించి చూడుడు. అలసిన దేహము, ఒంటరితనము, ఊరికి దూరమగుట, ఎదుటివాని నేర్పు, ఇవి యువకుడు ఎన్నుకొన్నవి కావు. వానిని అతని తప్పుగా లెక్కించుట అన్యాయము. కాని ఐదింటిలో కర్త యను స్థానమొకటి కలదు. ఆ స్థానమును గీత ఖాళీగా విడువలేదు. తానొక్కడే సర్వమునకు కర్తననుకొనువానిని గీత మందబుద్ధి యన్నది. అయినను అదే గీత అర్జునుని ధనుస్సును నేలపై పెట్టి కూర్చుండనీయలేదు.

కర్తృత్వమును మనకు వలసినపుడు విడుచుట, వలసినపుడు పట్టుకొనుట అను దోషమును శ్రీరామకృష్ణులు ఒక కథతో చూపెడివారు. ఒక బ్రాహ్మణుడు శ్రమపడి చక్కని తోట వేసెను. ఒక ఆవు వచ్చి మొక్కను మేయగా కోపముతో కొట్టెను, ఆవు చచ్చెను. గోహత్యాపాపము తనను అంటకుండుటకై అతడు వేదాంతమును అడ్డుపెట్టుకొనెను. చేతికి అధిదేవత ఇంద్రుడు గనుక, ఆవును చంపినవాడు ఇంద్రుడే యనెను. ఇంద్రుడు ముసలి బ్రాహ్మణుని వేషముతో ఆ తోటకు వచ్చి, ఈ చెట్టు ఎవరు నాటిరి, ఈ బాట ఎవరు వేసిరి, అని ఒక్కొక్కటే అడుగగా ఆ బ్రాహ్మణుడు పొంగిపోయి, అన్నియు తన చేతి పనియే యని చెప్పుకొనెను. తోట వేసిన చేయి నీదియై, ఆవును చంపిన చేయి ఇంద్రునిదెట్లయ్యెనని అతిథి అడిగెను. మొదటిసారి లాభము వచ్చినపుడు యువకుడు అది తన తెలివి యనుకొనెను. సొమ్ము పోయినపుడు మాత్రము తలవ్రాత యనుకొనినచో, అతడును ఆ తోటలోనే నిలుచున్నవాడగును.

అట్లని తప్పంతయు తనదే యని నెత్తిన వేసికొనుటయు సత్యము కాదు. పలుపుతో కట్టిన ఆవు ఉపమానమును శ్రీరామకృష్ణులు చెప్పెడివారు. పలుపు ఎంత పొడవో అంతమేర ఆవు తిరుగగలదు. యజమాని దయతలచినచో పలుపును పొడిగించును, విప్పియు వేయగలడు. మానవుని స్వేచ్ఛయు నట్టిదే. పలుపు లేదనుట అజ్ఞానము. పలుపు పొడవున గల మేత మేయక, కట్టివేసిరని ఏడ్చుట సోమరితనము. పలుపునకు మించి పోలేకపోతినని తన్ను తాను కొట్టుకొనుట క్రూరత్వము.

లోకములోని న్యాయశాస్త్రమును ఈ భేదమును పాటించును. మన దేశములో 1872లో వచ్చిన కాంట్రాక్టుల చట్టము సమ్మతి వేరు, స్వేచ్ఛాసమ్మతి వేరు అని గుర్తించినది. బలాత్కారము, అనుచితమగు పలుకుబడి, మోసము, అసత్యకథనము, పొరపాటు అను వానివలన పుట్టిన సమ్మతి స్వేచ్ఛాసమ్మతి కాదు. అనగా యువకుడు సొమ్ము ఇచ్చినది నిజమే యైనను, ఇచ్చినవాని చేతిని అసత్యము పట్టుకొని నడిపినది. అంతర్జాలములో వేరొకనివలె నటించి మోసగించువానికి 2000 నాటి సమాచార సాంకేతిక చట్టము, 66డి విభాగములో, మూడేండ్లవరకు జైలుశిక్షయు, లక్ష రూపాయలవరకు జరిమానాయు విధించుచున్నది. చట్టము దోషము మోపునది మోసగానిపైన, నమ్మినవానిపైన కాదు. ధర్మమును అంతే చెప్పును. కాని ధర్మము అక్కడ ఆగక, నమ్మిన నీ మనస్సు ఆ సమయమున ఏమి చేసినదని కూడ అడుగును. ఆ ప్రశ్న శిక్షించుటకు కాదు, మేలుకొలుపుటకు.

సీతాదేవికి కలిగిన రెండు పరిచయములు

అపరిచితుని నమ్ముటను గూర్చి వాల్మీకి రామాయణమునకు మించిన పాఠము లేదు. అందులో సీతాదేవి రెండు పర్యాయములు ఒంటరిగా నుండి అపరిచితునితో మాటలాడవలసివచ్చెను. మొదటిది పంచవటిలో. రామలక్ష్మణులిద్దరును లేని సమయమున కాషాయవస్త్రము, గొడుగు, పాదుకలు, దండకమండలువులు ధరించి ఒక పరివ్రాజకుడు వచ్చెను. ఆమె ఆసనమిచ్చెను, కాళ్లకు నీళ్లిచ్చెను. అతిథియగు బ్రాహ్మణునికి బదులు చెప్పనిచో శపించునేమోయని వెరచి, తాను ఎవరో, ఎవరి కుమార్తెయో, అడవికి ఎందుకు వచ్చినదో, అంతయు చెప్పెను. తన చరిత్ర ముగించిన తరువాతనే అతని నామగోత్రములు అడిగెను. అప్పుడు అతడు రావణుడనని చెప్పెను.

ఇందులో సీతాదేవిని దోషిగా నెంచినవారు లేరు. ఆమె చేసినదంతయు అతిథిధర్మమే. రావణుడు ఆమె బలహీనతను గాక ఆమె మంచితనమును పనిముట్టుగా చేసికొనెను. అతని పాపమునకు బరువు ఎక్కువగుటకు కారణమదియే. భిక్షువు వేషములో వచ్చి దొంగిలినవాడు ఒక్క స్త్రీని మాత్రమే అపహరింపలేదు, తరువాత వచ్చు ప్రతి నిజమైన భిక్షువుపై గల నమ్మకమును గూడ అపహరించెను. నేటి మోసగాడును "అన్నము తింటివా" అను మాటను పాడుచేయుచున్నాడు. అది పోగొట్టుకొన్న సొమ్ముకన్న పెద్ద నష్టము.

కాని మరియొక సంగతి గమనింపవలెను. ఆ పరివ్రాజకుడు వచ్చుటకు కొంచెము ముందే ఆమె లక్ష్మణుని పరుషవాక్యములతో నిందించి పంపివేసెను. పదమూడేండ్లు కనురెప్పవలె కాపాడినవానిని శంకించినది, అప్పుడే వచ్చినవానికి చరిత్ర చెప్పినది, ఒక్క మనస్సే, కొంచెము కాలములోనే. భయము, తొందర మనస్సును ఆవరించినపుడు తెలిసినవాడు పరాయివాడుగను, పరాయివాడు తనవాడుగను తోచును. భన్‌పురి యువకుడు ప్రక్కమంచము మీది సహవాసికి చెప్పని మాటను, ముఖమైన చూడనివానికి చెప్పుట ఇందుకే.

రెండవ పరిచయము లంకలో, అశోకవనమున జరిగెను. ఈసారి మొదట వచ్చినది రూపము కాదు, కంఠము. చెట్టుపైనుండి ఎవరో రామకథను మధురముగా చెప్పుచున్నారు. పలుకరించినవాడు దిగి దగ్గరకు రాగా ఆమె వెనుకకు జంకెను. ఇతడు మరల వేషము మార్చిన రావణుడే యేమో యను శంక కలిగెను. అదే సమయమున, ఇతనిని చూచినపుడు మనస్సునకు సంతోషమేల కలుగుచున్నదని ఆమెయే ఆశ్చర్యపడెను. ఒకే హృదయములో శంకయు, సంతోషమును. ఆమె ఏ ఒక్కదానిని బలవంతముగా నణచలేదు, ఏ ఒక్కదానికి లొంగిపోలేదు. ప్రశ్న వేసెను. రాముని నీవెక్కడ కలసికొంటివి? రామలక్ష్మణుల శరీరలక్షణములు ఎట్టివి? నరులకు వానరులకు పొత్తు ఎట్లు కుదిరినది? వేషధారికి సమాధానము దొరకని ప్రశ్నలివి. హనుమంతుడు సర్వమును వివరముగా చెప్పెను. తరువాత రామనామాంకితమగు ఉంగరమును చేతికిచ్చెను. అప్పుడు ఆమె నమ్మెను.

ఇంతటితో పాఠము ముగియలేదు. నమ్మిన పిమ్మట హనుమంతుడు, తన వీపుపై కూర్చుండినచో ఈ దినమే రాముని చేర్చెదననెను. ఆమె కారణములు చెప్పి వలదనెను. నమ్మినంత మాత్రమున అతడు చెప్పిన ప్రతి పనియు చేయవలెనను నియమము లేదు. నమ్మికకు మెట్లు కలవు. మాటలాడుటకు చాలు నమ్మిక వేరు, రహస్యము చెప్పుటకు చాలు నమ్మిక వేరు, ప్రాణధనములను అప్పగించుటకు చాలు నమ్మిక వేరు.

ఇక హనుమంతుని వైపు చూడుడు. సముద్రము దాటి వచ్చినవానిని, నీవు రావణుడవేమోయని శంకించినను అతడు నొచ్చుకొనలేదు, కోపగింపలేదు, తొందరపెట్టలేదు. అడిగినదానికెల్ల ఓర్పుతో బదులు చెప్పెను. నిజమైన స్నేహితునికి ఇదియే గుర్తు. అతడు పరీక్షకు నిలుచును. "నన్నే శంకింతువా? ఇంతేనా నీ స్నేహము?" అని పరీక్షకు ముందే అలుగువానియెడ జాగరూకత వహింపవలెను. బంగారము ఒరపిడిరాతిని చూచి అలుగదు.

అంతటను నారాయణుడుండగా పరీక్ష యేల?

సాధకునికి ఇచ్చట ఒక ధర్మసందేహము కలుగును. అందరిలోను భగవంతుడు ఉన్నాడని విన్నవాడు ఒకనిని పరీక్షించుట భక్తికి లోపము కాదా? శ్రీరామకృష్ణులు చెప్పిన ఏనుగు కథ ఈ సందేహమునకే సమాధానము. సర్వము నారాయణుడని గురువువలన విన్న శిష్యుడు, మదపుటేనుగు ఎదురురాగా తప్పుకొనక నమస్కరించుచు నిలిచెను. మావటివాడు తప్పుకొమ్మని కేకలు వేసినను వినలేదు. దెబ్బతిని స్పృహ తప్పి, పిదప తేరుకొన్న శిష్యునితో, ఏనుగు నారాయణుడైనచో మావటివాడు నారాయణుడు కాడా, అతని మాట ఏల వినలేదని గురువు అడిగెను. మన కథలోని యువకునికిని మావటివారు కలరు. ముందు పన్ను కట్టుమనుట వింతగా నున్నదని అతని మనస్సే ఒకసారి మెల్లగా చెప్పియుండును. ఆ మెల్లని మాటయు నారాయణుని మాటయే.

తరువాత స్వామి యోగానందగా ప్రసిద్ధులైన యోగీన్, యువకుడుగా నున్నపుడు అంగడిలో ఇనుప బాణలి కొనెను. అంగడివాడు దైవభీతి కలవాడై మంచిదే యిచ్చునని నమ్మి, చూచుకొనకయే తెచ్చెను. ఇంటికి వచ్చి చూడగా అది పగిలినది. భక్తుడైనంత మాత్రమున తెలివితక్కువవాడు కానక్కరలేదని శ్రీరామకృష్ణులు అతనిని మందలించిరి. వస్తువును చూచి, వెలను విచారించి కొనుమనిరి. వైరాగ్యమూర్తియగు గురువు ఒక బాణలిని గూర్చి ఇంత పట్టుదల చూపుట మనలను ఆలోచింపజేయవలెను. అజాగ్రత్తకు భక్తి యని పేరుపెట్టుట ఆయనకు సమ్మతము కాదు.

తన్ను గూర్చియు ఆయన అట్లే చెప్పిరి. రాయపూర్ నగరమునకును ఈ విషయమునకును ఒక సంబంధము కలదు. పదునాలుగేండ్ల నరేంద్రుడు 1877లో తల్లితోను, తోబుట్టువులతోను ఈ నగరమునకు వచ్చి, సుమారు రెండేండ్లు తండ్రి విశ్వనాథ దత్తు వద్ద నుండెను. తండ్రి కుమారునితో పెక్కు విషయములు చర్చించుచు, అతని అభిప్రాయమును అతడు స్వేచ్ఛగా చెప్పనిచ్చెడివాడు. అట్లు పెరిగిన నరేంద్రుడు 1881లో శ్రీరామకృష్ణులను కలసిన పిదప, ఆయన ధనమును తాకలేరన్న మాట నిజమో కాదో చూడదలచి, ఒకనాడు ఆయన పరుపు క్రింద రూపాయి నాణెము దాచెను. గురుదేవులు పరుపుపై కూర్చుండి బాధతో లేచిరి. శిష్యుడు పరీక్షించెనని తెలిసి సంతోషించిరి. షరాబు నాణెమును పరీక్షించునట్లు తన్ను పరీక్షించి, పిదపనే అంగీకరింపవలెనని ఆయన బోధించెడివారు. గురువే పరీక్షకు తలయొగ్గగా, ముఖమెరుగని స్నేహితుడు పరీక్షకు అతీతుడెట్లగును?

అవతలి చేయి ఎవరిది?

ఇంతవరకు నమ్మినవాని వైపు చూచితిమి. ఫోనుకు ఆవల కూర్చుండి "తమ్ముడూ" అని పిలిచినవాని వైపు కూడ చూడవలెను. అక్కడ బాధ్యతను తూచుట మరింత కష్టము.

2024 మే నెలలో విశాఖపట్టణ పోలీసులు ఒక దారుణమును వెలికి తెచ్చిరి. మన ప్రాంతపు యువకులను కంప్యూటరు ఉద్యోగములని నమ్మించి కంబోడియా దేశమునకు పంపుచుండిరి. అక్కడ వారిని నిర్బంధించి, ఇతర భారతీయులను ఫోనులలోను, అంతర్జాలములోను మోసగించు పనికి బలవంతముగా నియోగించుచుండిరి. ఆ నెల 20వ తేదీన సీహానూక్‌విల్ నగరములోని ఒక స్థావరమునుండి 60 మంది భారతీయులను, కంబోడియా అధికారుల సహాయముతో, మన రాయబార కార్యాలయము విడిపించినది. ఇట్లు బలవంతముగా అంతర్జాల మోసములు చేయుచున్నవారు మ్యాన్మార్‌లో కనీసము 1,20,000 మంది, కంబోడియాలో సుమారు 1,00,000 మంది యుందురను అంచనాలను ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కార్యాలయము 2023 ఆగష్టులో ప్రకటించినది.

భన్‌పురి యువకుని మోసగించిన "అన్న" అట్టివాడే యైయుండవచ్చును. అతడును ఒక ముఖమెరుగని వానిని నమ్మి, విమానమెక్కి, బందీయైనవాడై యుండవచ్చును. అతని బాధ్యత యెంత? కత్తిమొనతో చేయించిన పనిని, స్వేచ్ఛతో చేసిన పనిని ధర్మము ఒకే త్రాసులో తూచదు. 1860 నాటి భారత శిక్షాస్మృతి 94వ విభాగము, తక్షణము చంపెదమను బెదిరింపునకు లోబడి చేసిన పని, హత్యవంటి మహానేరములు తప్ప, నేరము కాదని చెప్పినది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 32వ విభాగములోను ఈ నియమమే కలదు. కాని దానికొక షరతు కలదు. అట్టి నిర్బంధములోనికి తనంతట తాను పోయి పడినవానికి ఈ రక్షణ లేదు. చట్టము కూడ కట్టుబడిన క్షణమును మాత్రమే గాక, ఆ కట్టులోనికి ఎట్లు పోయెనని వెనుకకు చూచుచున్నది. పలుపు బిగిసిన తరువాత ఉన్న స్వేచ్ఛ కొద్దిదే. బిగియక ముందు ఎంత స్వేచ్ఛ యుండెనో అదియును లెక్కకు వచ్చును.

పతంజలి మహర్షి హింసాదులను మూడు విధములుగా విభజించెను. తాను చేసినది, ఇతరులచే చేయించినది, చేయగా ఆమోదించినది. ఈ మూడింటికిని లోభము, క్రోధము, మోహము మూలములని చెప్పెను. ఈ విభాగమును చేతబట్టుకొని చూచినచో మోసము వెనుకనున్న చేతులు అన్నియు కనబడును. బందీచే పలికించువాడు చేయించినవాడు. నెలకు కొంత సొమ్మునకు తన బ్యాంకు ఖాతాను తెలియనివానికి అద్దెకిచ్చి, అందులోనికి ఏ సొమ్ము వచ్చుచున్నదో అడుగనివాడు ఆమోదించినవాడు. తన పేర సిమ్ముకార్డు తీసి అమ్ముకొన్నవాడును అట్టివాడే. "నేనెవరిని మోసగించితిని? ఖాతా ఇచ్చితిని, అంతే" అని అతడనును. తోటలోని బ్రాహ్మణుడు ఇంద్రుని పేరు చెప్పినట్లే ఇతడు అవతలివాని పేరు చెప్పును. అతనిని కట్టిన పలుపు లేదు, బెదిరించిన కత్తి లేదు. బందీకన్న ఇతని బాధ్యత అధికమనుటకు సందేహమేల?

నడుమనున్న క్షణము

మానవుని స్వేచ్ఛ ఎక్కడ నున్నదని వెదకినచో, అది ప్రేరణకును పనికిని నడుమ నున్న చిన్న యెడములో దొరకును. గీత రెండవ అధ్యాయము పతనమును మెట్లుమెట్లుగా వర్ణించినది. విషయమును తలపోయుట, అందువలన సంగము, సంగమువలన కామము, కామమువలన క్రోధము, అందుండి సమ్మోహము, స్మృతిభ్రంశము, బుద్ధినాశము. ప్రతి రెండు మెట్లకు నడుమను ఆగుటకు చోటు కలదు. క్రిందికి దిగినకొలది ఆ చోటు ఇరుకగుచుండును.

మోసగాని నేర్పంతయు ఆ యెడమును మూసివేయుటయే. అందులకు అతనికి మూడు పనిముట్లు కలవు. తొందర మొదటిది: ఈ రాత్రిలోగా కట్టవలెననును. రహస్యము రెండవది: ఇంటిలో చెప్పవలదనును. భయమో, ఆశయో మూడవది. రక్షకభటుని వేషముతో ఫోనులో కనబడి, నిన్ను ఇంటిలోనే నిర్బంధించితినని బెదిరించు మోసమును గూర్చి 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి ఆకాశవాణి ప్రసంగములో హెచ్చరించుచు, మన చట్టములో అట్టి నిర్బంధమే లేదనియు, ముందు ఆగి, పిదప ఆలోచించి, ఆపైన చర్యకు పూనుకొనవలెననియు చెప్పిరి. సామాన్యజాగ్రత్తగా చెప్పిన ఆ మూడు మెట్లు సాధనకును పనికివచ్చునవే.

భగవంతుడు తన శిష్యునియెడ ఎట్లు ప్రవర్తించెనో దీనితో పోల్చి చూడుడు. యుద్ధభూమిలో రెండు సేనల నడుమ, వ్యవధి లేని చోట, పదునెనిమిది అధ్యాయములు ఓర్పుతో చెప్పెను. చివరకు దీనినంతను నిశ్శేషముగా విమర్శించి, నీకెట్లు తోచిన అట్లు చేయుమని అర్జునునికే విడిచిపెట్టెను. సర్వజ్ఞుడే శిష్యుని స్వేచ్ఛను గౌరవించి, ఆలోచించుకొనుటకు అవకాశమిచ్చెను. ఆలోచించుకొనుటకు ఒక దినమైన ఈయనివాడు దేవుడు కాడు, గురువు కాడు, స్నేహితుడును కాడు. ఈ ఒక్క గుర్తు జ్ఞాపకముంచుకొన్నచో పెక్కు ఆపదలు తప్పును.

దీనిని ఆచరణలో పెట్టుట కష్టము కాదు. చూడని స్నేహితుడు ధనమును గూర్చి మాట యెత్తిన దినమున ఏ పనియు చేయరాదు. ఒక రాత్రి గడవనీయవలెను. తెలిసిన మనిషి యొక్కనికైన ఆ సంగతి బిగ్గరగా చెప్పవలెను. పెదవి దాటి ప్రక్కవాని చెవిన పడునప్పటికే పెక్కు మాయలు తేలిపోవును. సీతాదేవివలె, వేషధారికి తెలియరాని ప్రశ్న అడుగవలెను. ఉంగరమువంటి గుర్తు, అనగా మనకు ముందే తెలిసినవారి సాక్ష్యము, కోరవలెను. ఇన్ని చేసి నమ్మిన పిదపకూడ, ఏ మెట్టువరకు నమ్మితిమో ఆ మెట్టువద్దనే నిలువవలెను.

నష్టము తరువాత

ఇక మన యువకుని వద్దకు మరల పోవుదము. సొమ్ము పోయినది. ఇప్పుడతనికి బాధ్యత ఏమైన మిగిలియున్నదా? అసలైన బాధ్యత ఇప్పుడే ఆరంభమగుచున్నది. యోగవాసిష్ఠములో పూర్వకర్మమును, నేటి పురుషప్రయత్నమును పోరాడుచున్న రెండు పొట్టేళ్లతో పోల్చిరి. బలముగలది గెలుచును. నిన్నటి పొరపాటు ఎంతటిదైనను, నేటి ప్రయత్నము దానికన్న బలిష్ఠము కాగలదు. సిగ్గుతో మూలకూర్చుండినచో నిన్నటి పొట్టేలే గెలిచినట్లు.

అతడు చేయవలసిన మొదటి పని, ఆలసింపక 1930 సంఖ్యకు ఫోను చేసి ఫిర్యాదు చేయుట. ఎంత త్వరగా చెప్పినచో, సొమ్ము చేతులు మారకముందే దానిని నిలిపివేయుట అంతగా సాధ్యమగును. నమ్ముటలో తొందర కీడు చేసినది. చెప్పుటలో తొందర మేలు చేయును. రెండవ పని, తల్లితో సత్యము చెప్పుట. ఆ మాట కష్టమైనది, కాని అప్పు దాచిన ఇంటిలో ప్రేమయు దాగును. మూడవది, తన గదిలోని ముగ్గురికి, తన కర్మాగారములోని తోటివారికి జరిగినది జరిగినట్లు చెప్పుట. అతడు తన కథ చెప్పిన దినమున, విన్నవారిలో ఒక్కడైన తన ఫోనులోని "అన్న"ను గూర్చి ఆలోచనలో పడును. పోయిన సొమ్ము రాకపోయినను, ఆ కర్మమునకు ఫలము వచ్చినట్లే.

నాలుగవది అన్నింటికన్న సూక్ష్మమైనది. ఇకమీదట ఎవరిని నమ్మననుకొనుట అతనికి సహజము. ఆ ప్రతిజ్ఞయు మోసగానికి లొంగుటయే యగును. పంచవటిలో మోసపోయిన సీతాదేవి అశోకవనములో హనుమంతుని మాటయే విననని చెవులు మూసికొనియున్నచో, రామదూత వచ్చియు రానట్లే యగును. ఒకసారి దెబ్బతిన్న హృదయము మూతపడుట రక్షణ కాదు. తెరచియుండి, మేలుకొనియుండుటయే రక్షణ. సముద్రతీరమున శత్రుశిబిరమునుండి వచ్చిన విభీషణుని సుగ్రీవాదులు శంకించినపుడు, శ్రీరాముడు అందరి మాటలను విని, విచారించి, ఆపైన అభయమిచ్చెను. అది అజాగ్రత్త కాదు. ఫలమునకు తానే బాధ్యుడనని అంగీకరించి చేసిన నమ్మిక. నమ్మిక కర్మమైనపుడు అది ఇట్లుండును.

భన్‌పురి గదిలో దీపమార్పక ముందు, ప్రక్కమంచము మీది సహవాసి "అన్నము తింటివా?" అని అడిగినచో యువకుడు తలయెత్తి చూడవలెను. ఆ మాట అక్కడ ముఖముతో కూడియున్నది. ఆ మాట యందు అతనికి మరల నమ్మకము కుదిరిననాడు, మోసగాడు దోచిన వానిలో అమూల్యమైనది తిరిగి అతని చేతికి వచ్చినట్లే.